ఖాళీ లిఫ్టులో బరువు

టింగ్‌మని ముందు గంట వినబడింది. దాని వెనకాలే ఒక ఈడ్పు, ఈడ్పు చివర ఇనుము ఇనుమును ఒరుసుకున్న సన్నని గీరుడు, ఆ తరువాత రెండు తలుపులు పెదవుల్లా కలుసుకున్న మెత్తని చప్పుడు. ఎడమవైపు లిఫ్టు, అనుకుంది పిల్ల కళ్ళు తెరవకుండానే. కుడివైపుది గంట కొట్టదు, దగ్గుతుంది. ఎడమదానికి గొంతు బాగానే ఉంది గానీ కాలు ఈడుస్తోంది; తలుపు జారే గాడిలో ఇసుకరేణువో, ఎవరి చొక్కా బొత్తామో ఇరుక్కుని ఉండాలి. నాన్న ఇక్కడ ఉంటే ఒంగి, జేబులోంచి పాత పళ్ళ బ్రష్షు తీసి, గాడిని ఒకసారి తోమి, "ఇప్పుడు నవ్వవే" అనేవాడు లిఫ్టుతో. నాన్న పని లిఫ్టులు బాగుచేయడం. వాటిని తిడతాడు, బుజ్జగిస్తాడు, ఇంటికొచ్చాక వాటి సంగతులు చుట్టాల సంగతుల్లా చెబుతాడు. చెడిపోబోయే లిఫ్టు ముందు చెవికి చెబుతుందనీ, కంటికి చెప్పే వేళకు ఆలస్యమైపోతుందనీ ఆయనే నేర్పాడు. అందుకే పిల్ల వినడం నేర్చుకుంది. అదీగాక, వినడానికి బలం అక్కర్లేదు. చూడాలంటే రెప్పలెత్తాలి, ఎత్తిన రెప్పలను అక్కడే నిలబెట్టాలి, నిలబెట్టినందుకు కనబడేవన్నీ లోపలికి మోసుకోవాలి. చెవులకు తలుపులే లేవు. ఏదైనా దానంతటది నడిచి వస్తుంది.

కాబట్టి ఆసుపత్రిలోని ఆ పొడవైన హాలు, కీళ్ళ జబ్బున్న పిల్లలను చూసే డాక్టరుగారి గది ముందరి ఆ ప్లాస్టిక్ కుర్చీల వరుస, ఆమెకు చెవుల్లోంచే కట్టుకుంటూ వచ్చాయి. మంచినీళ్ళ యంత్రం గుటక వేయడం. ఒక చక్రానికి మాత్రమే కోపమున్న ట్రాలీ దూరంగా పోవడం. ఎవరో పాపాయి ఏడవబోయి మరిచిపోవడం. తల అమ్మ ఒళ్ళో ఉంది, కాళ్ళు పక్క కుర్చీలో ఉన్నాయి, జుట్టులో అమ్మ వేళ్ళున్నాయి. ఆ వేళ్ళకు కళ్ళద్దాలు తుడిచే మందు వాసన; అమ్మ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగిస్తుంది. ఆదివారం తలంటుకున్నా ఆ వాసన పోదు. దానికి రంగుంటే లేత నీలం, అనుకుంది పిల్ల. తాకితే చల్లగా ఉంటుంది, కొరికితే... కొరికితే ఎలా ఉంటుందో ఇంకా తేలలేదు.

"నిద్రపోయిందా?" అంది పక్క కుర్చీలోంచి ఓ పెద్దావిడ గొంతు. మనవణ్ణి లోపలికి పంపి కూర్చున్నానని ఇందాకే చెప్పుకుంది.

"ఆఁ. పొద్దున్నే లేపానుగా పాపం."

"ఏమంటున్నారు డాక్టరుగారు?"

"ఈసారి రక్తపరీక్ష శుభ్రంగా వచ్చిందండీ. వాపులూ దిగాయి. ఇవాళ చూసి, బాగుందంటే పూర్తిరోజు బడికి పంపెయ్యమని రాసిస్తానన్నారు. మందు కూడా ఇదే చాలట, మార్చక్కర్లేదట. ఇప్పటిదాకా మధ్యాహ్నానికే తెచ్చేసుకుంటున్నాం. నేనూ సగం రోజే పనిలోకి వెళ్తున్నా."

"ఇంకేం మరి! గండం గట్టెక్కినట్టే."

"మీ నోటి చలవ" అంది అమ్మ. ఆ మాటలో ఒక చిన్న నవ్వు, ఎంతోకాలం పెట్టెలో మడిచిపెట్టి ఇవాళే తీసిన చీరలాంటి నవ్వు, మడతలింకా కనబడుతున్న నవ్వు. అది విన్నాక పిల్లకు కళ్ళు తెరవాలని అసలే అనిపించలేదు. పూర్తిరోజు. ఆ మాట నోట్లో వేసుకుని చూసింది. చాలా పెద్దది, దవడ పట్టనంత. సగంరోజుకే, పుస్తకాల సంచీ దించి గుమ్మంలోనే కూర్చుండిపోయి, చెప్పులు విప్పడానికి ఒంగాలా వద్దా అని ఆలోచిస్తూ గోడకు తల ఆనించే తనకు మిగతా సగం ఎక్కడినుంచి వస్తుంది? లోపలికి పిలిచాక చెప్పెయ్యవచ్చు. చెబితే ఆ నవ్వు తిరిగి పెట్టెలోకి పోతుంది. చెప్పకపోతే కాగితం మీద సంతకం పడుతుంది. పిలిచేలోగా తేల్చుకోవాలి. తేల్చుకోవడానికైనా, ముందు అది ఏమిటో తెలియాలిగా, ఆ చెప్పవలసినది?

నొప్పులైతే తెలుసు. నొప్పులతో ఆమెకు మంచి పరిచయం, పేరుపేరునా పరిచయం. మోకాలిది పెద్దాఫీసరు: ఎర్రగా ఉబ్బి, ముందుగా కబురంపి మరీ వస్తుంది, వస్తే ఇంట్లో అందరూ లేచి నిలబడాలి. మణికట్టుది కొళాయి, చుక్కచుక్కగా కారుతుంటుంది, పెన్ను పట్టుకుంటే ధార కడుతుంది. వేళ్ళ కణుపుల్లోవి గుగ్గిళ్ళు. మడమలోది మాత్రం దొంగ. మంచం దిగిన మొదటి అడుగులో ఉంటుంది, నాలుగడుగులు వేసేసరికి పారిపోతుంది. ఈ పేర్లు నాన్నకు తెలుసు. పొద్దున్నే మంచం పక్కన చేరి, "ఇంజనీరుగారూ, ఇవాళ డ్యూటీలో ఎవరెవరున్నారు?" అని అడుగుతాడు, "కొళాయి, దొంగ. ఆఫీసరు సెలవు" అంటుంది తను. "అబ్బో, ఆఫీసరు లేడా? అయితే మనదే రాజ్యం" అని వేడినీళ్ళ గుడ్డ తెస్తాడు. పేర్లు పెట్టాక నొప్పులు తగ్గలేదు, కానీ చీకట్లో తగిలిన బల్ల ఇదేనని తెలిసినట్టయింది. ఎక్కడ తగులుతుందో తెలిస్తే కాస్త పక్కనుంచి నడవచ్చు.

అయితే ఆ చెప్పవలసినదానికి మాత్రం పేరు పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. అందుకు కారణం పిల్లి. నల్లటి వీధిపిల్లి, సగం తోక, చినిగిన చెవి, వర్షానికి తడిసి వంటింటి కిటికీలోంచి దూకి, అలమర మీద ఎక్కి కూర్చుంది. తను మురిసిపోయి "దీనికి బొగ్గు అని పేరు పెడదామమ్మా" అంటే అమ్మ అట్లకాడ ఎత్తి, "పేరు పెట్టావంటే ఇక పోదు! వద్దు, పేరు మాత్రం పెట్టకు" అని కేకేసింది. అప్పటికే ఆలస్యమైంది. మాట నోరు దాటేసింది, బొగ్గు ఉండిపోయింది. ఇప్పుడు అమ్మ వండిన దాంట్లో మొదటి ముద్ద దానిదే, అమ్మ కుర్చీలో మెత్తటి సగం దానిదే. పిల్ల ఆనాడే గ్రహించింది, పేరు పెట్టినవన్నీ ఇంట్లోనే ఉండిపోతాయని. ఆఫీసరుకూ కొళాయికీ ముందే పెట్టేసింది, తెలియక. అవి ఉండిపోయాయి, చూశారుగా. ఆ తరువాత వచ్చినదానికి మాత్రం, ఆ ఎక్కడా కాని దానికి, పేరు పెట్టకుండా జాగ్రత్తపడింది. మనసులో కూడా "అది" అనే అంది. పిలవకపోతే, ఒకనాడు విసుగెత్తి అదే పోతుందని.

కానీ పోలేదు. ఎందుకు పోలేదో తెలుసుకుందామని ఒక సెలవంతా దాన్ని కాపుకాసింది, పిచ్చుక గూటిని కాపుకాసినట్టు. పరిగెత్తితే వస్తుందా? కాదు, పరిగెత్తకముందే వచ్చి ఉంటుంది. రాత్రి బాగా నిద్రపోతే పోతుందా? తనకంటే ముందే లేచి, మంచం అంచున కాళ్ళూపుతూ కూర్చుంటుంది. దువ్వెన జుట్టుదాకా ఎత్తేసరికి చెయ్యి చెయ్యిలా ఉండదు, తడిసిన పరుపులా ఉంటుంది. గట్టిగా నవ్వితే కూడా ఉన్న బలం అయిపోతుంది. నవ్వుకు అంత ఖర్చుంటుందని ఎవరైనా అనుకుంటారా? నొప్పికైతే ఒక చోటుంటుంది, వేలు పెట్టి చూపించవచ్చు. దీనికి చోటు లేదు. ఒకసారి వేలు పెట్టడానికని ఒళ్ళంతా వెతికింది: నుదురు, మెడ, ఛాతీ, కడుపు. వెతుకుతున్న వేలిలోనే ఉన్నట్టు తోచి నవ్వొచ్చింది. అది నొప్పికి చెల్లెలా? లేక నొప్పి వెళ్ళిపోయాక వదిలేసిన ఖాళీ చొక్కానా? ఆఫీసరు సెలవులో ఉన్న రోజుల్లో కూడా వస్తుంది కనుక చెల్లెలు కాదేమో. వేరే ఇంటిపేరు.

బడిలో పక్కన కూర్చునే పిల్ల, అందరూ గడగడ అని పిలిచే పిల్ల, ఒకరోజు నడుం మీద చేతులు పెట్టుకుని, "నిన్న తాడాట బాగానే ఆడావుగా! ఇవాళేమైందే? పెద్ద నటివి నువ్వు" అంది. నిజమే, నిన్న ఆడింది. నిన్న ఆడినందుకే ఇవాళ లేదు అని ఎలా చెప్పడం? ఆటల మాస్టారు అయితే నవ్వుతూనే, "ఏం తల్లీ, కాళ్ళకు కూడా బద్ధకమేనా?" అన్నారు. చెడ్డవారేం కాదు. ఆ మాట కూడా ఆయన బరువుగా అనలేదు, ఈల ఊదినట్టు అన్నారు. కానీ ఆ మాట ఆమె వెంట ఇంటికొచ్చింది. బద్ధకమేనేమో? దాన్నీ పరీక్షించింది. బద్ధకమున్నవాళ్ళకు చెయ్యాలని ఉండదు. తనకు ఉంది. తాడు నేలను కొట్టే టప్ టప్ వింటుంటే అరికాళ్ళు లోలోపల ఎగురుతూనే ఉంటాయి. ఎగరాలని ఉన్న కాళ్ళు వేరు, ఎగరగల కాళ్ళు వేరు. రెండు జతలూ తనవే. బద్ధకానికి ఒక్క జత చాలు. అని తేల్చింది గానీ ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఎవరూ అడగలేదు కూడా. అందరూ అడిగేది నొప్పినే. "నొప్పిగా ఉందా? ఎక్కడ నొప్పి? ఎంత నొప్పి?" ఆ ఎంతకు ఒక అట్ట ఉంది.

ముఖాల అట్ట. డాక్టరుగారి బల్ల సొరుగులో ఉంటుంది. ఒక చివర పళ్ళన్నీ కనబడేలా నవ్వే ముఖం, పక్కన కొంచెం తగ్గిన నవ్వు, ఆ పక్కన గీతలాంటి నోరు, ఇంకా అవతల వంగిన నోరు, ఆఖరున కన్నీళ్ళు కారే ముఖం. మొదటిసారి ఆ అట్ట చూపించినప్పుడు తను తొణక్కుండా ఆఖరుదాన్ని చూపించింది, నిజం అదే కనుక. తల తిప్పి చూస్తే అట్టమీది ముఖమే అమ్మ మెడమీద ఉంది. అచ్చం అదే, ఆ వంపు, ఆ చుక్కలు. తన వేలే ఆ ముఖాన్ని అక్కడికి మోసుకెళ్ళి అతికించిందనుకుంది. ఆనాటినుంచి ప్రతిసారీ రెండోదాన్నే చూపిస్తోంది, కొంచెం తగ్గిన నవ్వును. మొదటిదాన్ని చూపిస్తే నమ్మరు. రెండోదైతే నమ్ముతారు, అమ్మ ముఖమూ అంతమేరకే ఉంటుంది. తను అట్టమీద చూపించేది తన నొప్పిని కాదు, అమ్మకు కావలసిన ముఖాన్ని. కళ్ళజోళ్ళ దుకాణంలో కొలత కొలిచినట్టు.

ఆ దుకాణంలో జరిగిన సంగతి ఒకటి అమ్మ నవ్వుతూ చెప్పింది. ఎవరో పెద్దాయన, కళ్ళజోడు పెట్టుకోవడం ఇష్టం లేక, గోడమీది అక్షరాల పట్టికను తన వంతు వచ్చేదాకా కూర్చుని కంఠస్థం చేసి, పిలవగానే గడగడా అప్పగించాడట. "కంటికేం ఢోకా లేదు చూడమ్మా" అని మీసం దువ్వుకుంటూ వెళ్ళి, గాజు తలుపుకు ముక్కు కొట్టుకున్నాడట. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, నాన్న నవ్వాడు, తనూ నవ్వింది. నవ్వు మధ్యలో ఎందుకో ఆగిపోయింది. ఆ పెద్దాయన ఎవరో తనకు బాగా తెలిసినట్టు అనిపించింది.

టింగ్. మళ్ళీ ఎడమది. ఈసారి తలుపులు మూసుకోలేదు. చాలా అడుగులు ఒక్కసారి లోపలికి పోయాయి, ఆ తరువాత గుయ్య్‌మని ఆగని కూత. బరువు ఎక్కువైందన్నమాట. ఎవరో, "సన్నగా ఉన్నవాళ్ళు దిగండయ్యా" అన్నారు. "సన్నగా ఉన్నవాళ్ళు దిగితే ఏం లాభం? మీరు దిగండి" అంది ఇంకో గొంతు. హాలంతా నవ్వింది. అమ్మ ఒళ్ళు నవ్వుతో చిన్నగా కదిలింది, ఆ ఒళ్ళోని తలా కదిలింది. ఒకరు దిగారు. కూత ఆగింది. చూశావా, అనుకుంది పిల్ల, వాళ్ళకది ఎంత సుళువు, ఒక్కరు దిగితే చాలు. మరి ఎవరూ లేకుండానే కూసే లిఫ్టుకు?

అవును, ఆ లిఫ్టు. నాన్న చెప్పిన లిఫ్టు. ఏదో పాత మేడలో, ఒక ఉదయం, ఖాళీ లిఫ్టు తలుపులు తెరుచుకుని కూర్చుని కూస్తోందట, కదలదట. ఆ మేడవాళ్ళు నాన్నను పిలిచి, "నాటకాలాడుతోందండీ, నిన్నంతా బాగానే తిరిగింది" అన్నారట. నాన్న తలుపులు తోమాడు, తీగలు ఊడదీసి బిగించాడు, పైకెక్కి దిగాడు. ఏదీ కాదు. సాయంత్రం దాకా మూడు తప్పులు చేశాకే, విసిగి, లిఫ్టు అడుగున పడుకుని చూస్తే తెలిసిందట: నేలపలక కిందుండే రబ్బరు దిమ్మ ఉబ్బిపోయి, బరువు తెలుసుకునే మీటను అదే నొక్కి పట్టుకుని ఉంది. "లోపల ఈగ కూడా లేదు ఇంజనీరుగారూ. కానీ దానికి మాత్రం, ఇంతమందే ఎక్కాలని గోడమీద రాసి ఉన్న పదిమందీ, ఇంకా పైన ఒకరూ ఎక్కినట్టే. పాపం అది అబద్ధం ఆడటంలేదు. దానికి బరువు నిజంగానే తెలుస్తోంది" అన్నాడు నాన్న, అన్నం కలుపుకుంటూ. ఆ రాత్రి ఆమె ఆ లిఫ్టు గురించే ఆలోచించింది. ఆ కనబడనివాళ్ళు ఎవరై ఉంటారు? పొడుగ్గా ఉంటారా? సంచీలు తెచ్చుకున్నారా? ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ, ఏ అంతస్తూ నొక్కకుండా, దిగమంటే దిగకుండా, ఎక్కడికని ఎక్కారు?

అమ్మ వేళ్ళు జుట్టులో ఆగాయి. ఆగిన చోట, తలలో ఎక్కడో, చిన్న దీపం వెలిగింది. పిల్ల కదలకుండా పడుకుని దాని వెలుగులో చూసింది. ఆ లిఫ్టులోని కనబడనివాళ్ళే. నుదుట్లో ఒకరున్నారు. మెడలో ఇద్దరు. చేతుల్లో, కాళ్ళల్లో, కడుపులో నింపాదిగా నిలబడి ఉన్నారు. కోపంగా ఏం లేరు, చెడ్డగా ఏం లేరు, ఊరికే బరువుగా ఉన్నారు. అయ్యో, మీరేనా, అంది లోలోపల. ఎన్నాళ్ళనుంచి నిలబడ్డారు? ఎవరూ పలకరించనే లేదా? భయమేస్తుందనుకుంది గానీ వేయలేదు. కొత్తగా దిగిన ఇరుగుపొరుగువాళ్ళను తెర చాటునుంచి చూసినట్టు ఉంది. పేరు నాలుక కొసకు వచ్చేసింది. చటుక్కున పళ్ళు బిగించింది. వద్దు, పేరు పెడితే పోదు, బొగ్గు పోయిందా?

బొగ్గు. బొగ్గు ఏం చేస్తుంది? రోజూ అమ్మ చేపలు కడిగేటప్పుడు వంటింట్లోకి వస్తుంది. "ఏయ్! ఛీ! పో!" అంటే చెవి కూడా కదపదు, అది ఎవరినో అన్నట్టు గోడను చూస్తుంది. అదే అమ్మ, "బొగ్గూ, బయటికి!" అంటే, సగం తోక ఎత్తి, మహారాణిలా, అలిగిన మహారాణిలా, తలుపు దాటి వెళ్ళి మెట్టు మీద కూర్చుంటుంది. ఎప్పటికీ పోయిందని కాదు, చేపలు కడిగినంతసేపు పోతుంది. పొమ్మనడానికి కూడా పేరుండాలి! ఇంతకాలం తను దానికి పేరు పెట్టకుండా గోడ చూస్తున్న పిల్లిని "ఏయ్" అంటూ కూర్చుంది. తనే అనలేని దాన్ని డాక్టరుగారు ఎలా అడుగుతారు? అమ్మ ఎలా వెతుకుతుంది? పాపం నాన్నకు కూడా డ్యూటీలో ఎవరున్నారో సగమే తెలుసు.

"లే నాన్నా, మన వంతే" అంది అమ్మ. రెప్పలు ఎత్తింది. హాలు తను విన్నంత పెద్దది కాదు. పెద్దావిడ గొంతుకంటే చిన్నగా ఉంది, గదిలోంచి వచ్చిన గళ్ళ చొక్కా మనవడి చెయ్యి పట్టుకుని వెళ్తూ పిల్ల బుగ్గ గిల్లి పోయింది. దొంగ మొదటి అడుగులోనే ఉన్నాడు, తరువాత పారిపోయాడు. గది తలుపుదాకా మిగతావాళ్ళందరినీ మోసుకుంటూ, మెల్లగా, ఎవరి కాలూ తొక్కకుండా నడిచింది.

డాక్టరుగారి చేతులు వెచ్చగా ఉంటాయి. తాకేముందు రెండూ రుద్దుకుంటారు. మోకాలు వంచారు, మణికట్టు తిప్పారు, కణుపులు ఒక్కొక్కటే నొక్కారు. "భేష్. వాపు లేదు. రిపోర్టూ బాగుంది." అమ్మ కుర్చీ అంచుకు జరిగింది. కాగితం బయటికొచ్చింది, పెన్ను మూత ఊడింది, ఆపైన సొరుగు. అట్ట.

"ఎప్పటిలాగే ఒకసారి చూపించమ్మా. ఇవాళ ఏ ముఖం?"

వేలు తనంతట తానే రెండోదాని మీదికి బయల్దేరింది. గాజు తలుపుకు ముక్కు కొట్టుకోబోతున్న పెద్దాయన కనబడ్డాడు. వేలు గాలిలో ఆగింది.

"ఇందులో లేదండీ."

"ఏం లేదు? నొప్పి లేదా?" అన్నారు డాక్టరుగారు.

"నొప్పి ఉంది. నొప్పి కాదు. ఇంకోటి. అది నొప్పి లేనప్పుడు కూడా ఉంటుంది. నిద్రపోయినా పోదు. దువ్వుకుంటే వస్తుంది, నవ్వితే వస్తుంది. వేలు పెట్టి చూపిద్దామంటే చోటు లేదు. మీరెప్పుడూ దాన్ని అడగలేదు... నేనూ చెప్పలేదు. ఇదివరకు చూపించినవి కూడా నిజం కాదు, అమ్మ కోసం చూపించాను."

పెన్ను మూత మళ్ళీ పెన్ను మీదికెళ్ళింది, సంతకం పడని కాగితం బల్లమీద పడుకుంది. పిల్లకు అమ్మవైపు చూడాలని లేదు, చూడకుండా ఉండలేకా పోయింది. తిరిగింది. అట్టమీది ఏ ముఖమూ అమ్మ దగ్గర లేదు. అమ్మ కళ్ళు చిట్లించి, తల కాస్త పక్కకు వాల్చి చూస్తోంది, దుకాణంలో కొత్త అద్దాన్ని వెలుతురుకెత్తి గీత ఎక్కడుందా అని వెతికేటప్పుడు చూసినట్టు. తడి ఉంది ఆ చూపులో, కానీ తడికంటే వెతుకులాట ఎక్కువ ఉంది. అమ్మకు కూడా తెలుసుకోవాలని ఉంది!

"నాకెందుకు చెప్పలేదే తల్లీ?" అంది అమ్మ, నిందలేని గొంతుతో.

"పేరు పెడితే పోదన్నావుగా. బొగ్గప్పుడు."

అమ్మ చేతిని చాచి పిల్ల మడమను పట్టుకుంది. డాక్టరుగారు కుర్చీ చక్రాలమీద ముందుకు జరిగి, ముఖం ముఖానికి ఎదురుగా వచ్చేలా ఒంగారు.

"పేరేమైనా పెట్టావా మరి దానికి?"

దూరంగా హాలు చివర టింగ్‌మంది. ఈడ్పు, గీరుడు, మెత్తని చప్పుడు. పిల్ల ఊపిరి పీల్చుకుంది. లోపల నిలబడ్డవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు, ఎన్నాళ్ళకో తమను పిలవబోతున్నారని సంచీలు సర్దుకున్నారు.

"పెట్టానండీ" అంది. "పదిమంది."